మిగిలిన ఒక్క మాట

మా ఆయన ఇంటర్‌తోనే చదువు మానేశారు. మా మామగారు పోవడంతో పొలం చూసుకునే మనిషి లేకపోయాడు. ఆ బాధ ఆయన ఎప్పుడూ పైకి అనలేదు గానీ, ఫోన్లో నెట్ చవకయ్యాక నాకు తెలిసింది. మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి, అన్నం తిని, వీధిగదిలో మంచం మీద వాలి, ఫోన్ గుండెల మీద ఆనించుకుని పాఠాలు వినేవారు. సినిమాలు కావు, రాజకీయాలు కావు. ఎక్కడెక్కడి ప్రొఫెసర్లో బోర్డు ముందు నిలబడి చెబుతుంటే వినడం. ఒకరోజు నక్షత్రాలు, ఒకరోజు తేనెటీగలు, ఇంకోరోజు రోము నగరంలో మురుగుకాలవలు ఎలా కట్టారన్నది. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేదిట. మిగతా సగం వెనక్కి జరిపి మళ్లీ వినేవారు.

"ఇవన్నీ ఊరికే చెబుతున్నారా అండి?" అని అడిగాను ఒకసారి.

"ఊరికేనోయ్. ఫీజు లేదు, పరీక్ష లేదు. తప్పినా అడిగేవాడు లేడు" అన్నారు, ఏదో నిధి దొరికినట్టు.

విన్నదంతా అన్నం దగ్గర నాకు అప్పజెప్పేవారు. సముద్రంలో ఆక్టోపస్ అని ఒక జంతువు ఉందని, దానికి మూడు గుండెలని చెప్పారు.

"మూడెందుకండీ దానికి?"

"నీలాంటి పెళ్లాం ఉండుంటుంది" అన్నారు. పొలమారేదాకా నవ్వుకున్నాం.

మాకు పిల్లల్లేరు. ఇంట్లో మాట అంటే ఆయన మాటే.

నాట్ల రోజుల్లో నీరు పెట్టడానికి వెళ్లి గట్టు మీద పడిపోయారు. పక్కచేలో వాళ్లు మోసుకొచ్చారు. ఆత్రేయపురం దగ్గర పల్లె మాది. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడిపోయాయి. ప్రాణానికి భయం లేదన్నారు. నోట్లోంచి మాత్రం మాట రాలేదు. కొన్నాళ్లకి ఒకే ఒక్క మాట వచ్చింది. "అదే." నీళ్లు కావాలన్నా అదే, వద్దన్నా అదే, కోపమొచ్చినా అదే. ఇన్ని విషయాలు మాట్లాడిన మనిషికి ఇదొక్కటి ఎందుకు మిగిలిందో డాక్టరు గారు కూడా చెప్పలేకపోయారు.

అక్కడే స్పీచ్ థెరపీ అని మాటలు నేర్పే అమ్మాయి ఉండేది. కొన్నాళ్లు కారు మాట్లాడుకుని తీసుకెళ్లాను. ఆనకట్ట దాటేటప్పుడల్లా ఆయన గోదారి వైపు చూసి "అదే, అదే" అనేవారు. ఏం చెప్పాలనుకునేవారో. ఎక్కించడానికి, దింపడానికి ఇద్దరు మనుషులు కావాలి. అన్నిసార్లు ఎవరొస్తారు?

"రోజూ ఇంట్లో చేయించాలి ఆంటీ. వీడియోలు చాలా ఉన్నాయి, ఫ్రీగానే. చూసి నేర్చుకోండి" అంది ఆ అమ్మాయి.

అలా ఆయన ఫోన్ నా చేతికొచ్చింది. నేను పదో తరగతిదాకా చదివాను. తెలుగులో ఉన్న వీడియోలు కొన్నే. వాటిల్లో సగం నూనెలు అమ్మేవాళ్లవి. మంచివన్నీ ఇంగ్లీషువి. కింద తెలుగు అక్షరాలు వచ్చేలా పెట్టుకోవచ్చని ఆ అమ్మాయే చూపించింది. ఆ తెలుగు చదివితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. "మీ రోగి ప్రసంగం పోగొట్టుకున్నాడు" అని పడేది. "అతనికి కప్పు ఇవ్వండి, ఆశ్చర్యపోకండి" అని పడేది. అయినా వీడియోలో ఆవిడెవరో చేసి చూపిస్తుంటే చెయ్యి చూసి, మూతి చూసి నేర్చుకున్నాను.

పొద్దున్నే కాఫీ అయ్యాక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా పీట వేసుకుని, గరిట, చెంబు, దువ్వెన ముందు పెట్టేదాన్ని.

"ఇదేంటండి? చెం... చెం..."

"అదే."

"చెంబు అనండి. నా మూతి చూడండి."

ఆయన నా మూతి చూసేవారు. పెదాలు కలిపేవారు. చెమట పట్టేది. "అదే" అని, తప్పని తెలిసి, తల అడ్డంగా ఊపేసేవారు. ఆ ఊపడం చూడలేకపోయేదాన్ని. తప్పని తెలియకపోయినా బాగుండేది.

ఒకరోజు పక్కింటావిడ పూతరేకులు ఇచ్చివెళ్తే ఒకటి చూపించి "ఇదేంటో చెబితేనే పెడతాను" అన్నాను. ఆయన ఎడంచేత్తో లాక్కుని నోట్లో పెట్టేసుకుని, కళ్లు చికిలించి, "అదే!" అన్నారు. ఆ రోజు ఇద్దరం నవ్వాం.

ఒక వీడియోలో మాట పోయినవాళ్లు కూడా పాడగలరని చెప్పారు. మా ఆయన ధనుర్మాసంలో భజనకి వెళ్లేవారు. నేను చేతులు తడుతూ "గోవిందా, గోవింద" అని అందుకున్నాను. ఆయన పెదాలు కదిలాయి. రెండోసారి నాతోపాటు అన్నారు. "గోవిందా." స్పష్టంగా, ఆయన గొంతుతో.

నేను వీధిలోకి పరిగెత్తాను. ఆ వీధి చివరే మా వదినగారిల్లు, ఆయన అక్కగారు. ఆవిడ తడిచేతులతోనే వచ్చి తమ్ముడి నోటివెంట ఆ మాట విని కూలబడి ఏడ్చింది.

"కోరుకొండ స్వామికి మొక్కుకున్నానే. వింటాడనుకున్నాను" అంది.

తరవాత అన్నీ రాగంలో పెట్టాను. "నీళ్లు కావాలీ" అని, "కాలు నొప్పీ" అని. రాగం వచ్చేది. మాట వచ్చేది కాదు. గోవిందా మాత్రం చేతులు తట్టినప్పుడల్లా వచ్చేది. మాటల్లో పెట్టి అడిగితే మళ్లీ అదే.

ఇది ఎందుకిలా అని వెతికాను. ఒక పెద్దాయన, తెల్లజుట్టు, మెదడు బొమ్మ పక్కన పెట్టుకుని చెబుతున్నాడు. ఈసారి కింది తెలుగు తిన్నగానే పడింది. పాటలు, అంకెలు, దేవుడి పేర్లు మెదడులో వేరేచోట ఉంటాయిట. అవి రావడం మాట తిరిగొచ్చినట్టు కాదుట. బాగుపడేదంతా చాలామందికి మొదటి నెలల్లోనే జరుగుతుందిట. నేను వెనక్కి జరిపి మళ్లీ చదివాను. అదే ఉంది. మావి ఆ నెలలు ఎప్పుడో దాటిపోయాయి. చాలా మర్యాదగా, నెమ్మదిగా చెప్పాడాయన. కోప్పడడానికి కూడా ఏమీ లేదు.

వదినగారికి ఈ సంగతి చెప్పలేదు.

ఆయనకిష్టమైన పాఠాలు పెడదామని చూశాను. ఫోన్ తెరిస్తే మొదట్లో నక్షత్రాలు, తేనెటీగలు దానంతట అదే చూపించేది. ఏడాదిగా నేను వెతికినవి చూసి చూసి, ఇప్పుడు పక్షవాతం, కాళ్ల వ్యాయామాలు, బెడ్‌సోర్లని మంచం మీద పడే పుళ్లు, ఇవే. ఆయన ఎవరో దానికి గుర్తులేదు. చివరికి పేరు కొట్టి నక్షత్రాల పాఠం ఒకటి పట్టుకుని ఆయన ముందు పెట్టాను. కాసేపు చూశారు. వెనక్కి జరపమన్నట్టు వేలు చూపించారు, జరిపాను. మళ్లీ జరపమన్నారు. మూడోసారి ఆయన మొహంలో నాకు అర్థమైంది, ఆ ఇంగ్లీషు కూడా పోయింది. ఫోన్‌ని బోర్లా పెట్టేశారు. విసరలేదు. బోర్లా పెట్టి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

మర్నాడు నేను పీట వేస్తే ఆయన పెదాలు బిగించేశారు. గరిట చూపించాను. చూపు తిప్పుకున్నారు. ఇంకో రోజు చూశాను, ఇంకో రోజు. తరవాత పీట వెయ్యలేదు.

ఇప్పుడు సాయంత్రాలు ఆయన్ని వీధి గుమ్మం దగ్గర కూర్చోబెడతాను. దారినపోయేవాళ్లు ఆగుతారు. ఆయన ఎదురుగా నిలబడి, నా వైపు చూసి అడుగుతారు.

"అన్నయ్యగారికెలా ఉందండి?"

ఆయనా నా వైపే చూస్తారు, నేనేం చెబుతానో విందామని.

"బాగానే ఉన్నారండి" అంటాను.