శవపేటికలో మధ్యాహ్నపు కునుకు

మా వీధిలో పెన్‌దువాది గాజు పొదిగే పని. చెక్కలో గాడి తొలిచి, దానికి సరిపడా నీలం గాజు ముక్కను అరగదీసి, జిగురుతో కూర్చోబెట్టేవాడు. పోయినవాళ్ళు లోపలినుంచి బయటికి చూడాలని శవపేటిక పక్క చెక్క మీద అతను పొదిగే కళ్ళు మనల్నే గమనిస్తున్నట్టుండేవి. పని మాత్రం మహా నిదానం.

ధాన్యపు కొట్ల అధికారి నఖ్త్‌మిన్ బతికుండగానే పేటిక చేయించుకున్నాడు. కొలత చూస్తానని ఒకరోజు అందులో పడుకున్నాడు.

"మేస్త్రీ, ఈ కన్ను కాస్త ఎడమకి జరుపు. పోయాక కూడా మా బావమరిది మీద ఓ కన్నేసి ఉంచాలి."

"ఆయన ఎక్కడుంటారయ్యా?"

"ఎక్కడుంటాడు, మా ఇంట్లోనే. తింటూ."

పెన్‌దువా కన్ను ఊడదీస్తుండగానే లోపలినుంచి గురక మొదలైంది.

అప్పటినుంచి ఆయన రోజూ భోజనం చేసి వచ్చి పేటికలో పడుకునేవాడు. ఇంట్లో ఇంత చల్లగా ఉండదట. లేపితే కోపం. పాపం పెన్‌దువా, ఆయన గురక కోసం కాచుకుని, సరిగ్గా దాంతోపాటే ఉలి మీద దెబ్బ వేసేవాడు.

పని ముగిసింది. పేటికను ఇంటికి చేర్చడానికి వచ్చిన నలుగురిలో నేనొకణ్ణి. ఆయన నిద్రలో ఉన్నాడు.

"లేపమంటావా?" అన్నాను.

"వద్దులే. ఎలాగూ ఆయనింటికేగా. అలాగే ఎత్తండి" అన్నాడు పెన్‌దువా.

ఎండ తగలకుండా మూత ఓరగా వేసి మోసుకెళ్ళాం. దారిలో కూలికి ఏడ్చే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, అలవాటు కొద్దీ నెత్తిన దుమ్ము పోసుకుని వెంటబడ్డారు. బావమరిది రొట్టె నములుతూ గుమ్మంలోకి వచ్చి, అక్కడే కూలబడ్డాడు.

"బావా, ఇక నాకు అన్నం పెట్టేదెవరు?"

మూత లేచింది. "ఎవరు పోయారు?" అని అడిగాడు నఖ్త్‌మిన్.

నలుగురం ఒక్కసారే వదిలేశాం. గాజు ముక్కలు వీధంతా చెల్లాచెదురయ్యాయి. ఏడుపు ఆగింది. ఒకావిడ మెల్లగా, "అయ్యా, ఆపేయమంటారా, కానిమ్మంటారా?" అంది.

"కానివ్వండి. బాగానే ఏడుస్తున్నారు."

మా వెంట వచ్చిన పెన్‌దువా మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుకునేసరికి పొద్దు గూకింది. ఇంటికి రాగానే భార్య వాబెట్, "పని నచ్చిందా ఆయనకి?" అని అడిగింది.

"నచ్చినట్టే ఉంది. సగం ఊరు ఏడ్చింది."

ఆ తర్వాత బతికున్నవాళ్ళకు పేటికలు చేయనన్నాడు. నగల పెట్టెల మీద తామరపూలు పొదుగుతూ కాలం గడిపాడు. వాటిలో ఎవరూ పడుకోలేరు.