శనివారం దాకా ఆగని పండగ

ఈ ఏడు ఉగాది గురువారం వచ్చింది. అమెరికాలో మా క్యారీ ఊళ్ళో మాత్రం ఆ తరవాత ఎప్పుడో ఒక శనివారం వస్తుంది. హైస్కూల్ ఆడిటోరియం ఆ రోజుకే దొరికిందట. మధ్యాహ్నం పంచాంగ శ్రవణం, తరవాత పిల్లల డాన్సులు, సాయంత్రం అల్యూమినియం ట్రేలలో పులిహోర. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫ్లయర్ రాగానే అందరూ వరసగా దండాల బొమ్మలు పెట్టారు. గురువారం పండగైతే శనివారం చేయడమేమిటని ఒక్కరూ అడగలేదు. చాలా ఏళ్ళు నేనూ అడగలేదు.

ఈ దేశం వచ్చాక మన పండగలన్నీ శని ఆదివారాలకు జరిగి కూర్చున్నాయి. వినాయకుడు తన చవితి నాడు కాక మనకు పార్కింగ్ దొరికిన నాడు వస్తాడు. దసరా, దీపావళి ఒక్కోసారి ఒకే టికెట్ మీద అయిపోతాయి. పిల్లలకు స్కూలు, మనకు ఆఫీసు, దేవుడికే పనీపాటా లేదు, ఆగుతాడులే అని మన ధీమా. దీన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు, నేనూ ఆ ట్రేల దగ్గర గరిటె పట్టుకుని నిలబడినదాన్నే. అయితే ఈ అలవాటు నాలో ఎంత లోతుగా పాతుకుపోయిందో క్యారీలో తెలియలేదు. స్పెయిన్‌లో తెలిసింది.

రెండేళ్ళ కిందట మా కంపెనీ నన్ను కొన్ని నెలలపాటు వలెన్సియా పంపింది. అక్కడ కొత్తగా పెట్టిన టీమ్‌కి మా సిస్టమ్ నేర్పి అప్పజెప్పి రావాలి. మా ఆయన, అమ్మాయి క్యారీలోనే ఉండిపోయారు. నేనొక్కదాన్నే పాత బస్తీలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో దిగాను. సన్నటి వీధి, ఎదురింటి బాల్కనీ చెయ్యి చాపితే అందేలా ఉంటుంది. వీధి మొదట్లో నారింజ చెట్లు. ఆ కాయలు చేదు, ఎవరూ తినరు. ఆ సంగతి నాకు తిన్నాకే తెలిసింది.

పక్క ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉండేది. డెబ్బై దాటి ఉంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. నా స్పానిష్ అంతంతమాత్రం, ఆవిడకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. అయినా మాటలకు లోటు లేకపోయింది. ఆవిడ నన్ను పిలిచే పిలుపుకు మన 'అమ్మాయీ' సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ ఆవిడ మాటలన్నీ అలా నా తెలుగులోనే రాస్తున్నాను.

మా స్నేహం బట్టల తీగ మీద మొదలైంది. బాల్కనీలో నేను ఆరేసిన చీరను ఆవిడ తన వైపు నుంచి వేళ్ళతో పట్టుకుని చూస్తూ దొరికిపోయింది. సిగ్గుపడింది కూడా. నాకు నవ్వొచ్చి, అంచు చిరిగిన ఆకుపచ్చ వెంకటగిరి చీర ఒకటి ఉంటే ఇచ్చేశాను.

"దీన్ని ఏం చేసుకోను, అమ్మాయీ?" అంది.

"కర్టెన్లు కుట్టుకోండి" అన్నాను.

మార్చి వచ్చేసరికి ఊరికి పూనకం వచ్చింది. ఫాయాస్ అని వాళ్ళ పెద్ద పండగ. ప్రతి వీధివాళ్ళూ చందాలు వేసుకుని, అట్టతో చెక్కతో బొమ్మల గుంపు ఒకటి కట్టి నడివీధిలో నిలబెడతారు. కొన్ని మేడంత ఎత్తుంటాయి. మంత్రుల దగ్గర్నుంచి వీధి చివర రొట్టెల కొట్టాయన దాకా అందరినీ వెక్కిరిస్తూ ఉంటాయి ఆ బొమ్మలు. చివరి రోజు రాత్రి అన్నిటినీ తగలబెట్టేస్తారు. ఏడాదంతా పడ్డ చాకిరీ ఒక్క మంటలో పోతుంది. మనం గణపతిని నీళ్ళలో కలిపితే వీళ్ళు నిప్పులో కలుపుతున్నారు, అంతేగా అనుకున్నాను.

అంతవరకూ బాగానే ఉంది. ఆ టపాకాయలే నా ప్రాణం తీశాయి. పొద్దున్నే బ్యాండు మేళంతో, బాంబులతో వీధిని నిద్ర లేపుతారు. మధ్యాహ్నం రెండింటికి ఊరి నడిబొడ్డున పేలుస్తారు చూడండి, మా వంటగదిలో గ్లాసులు గణగణలాడేవి. నాకేమో అప్పుడే అమెరికా వాళ్ళ కాల్స్ మొదలు. మా మేనేజర్ "ఆర్ యూ సేఫ్?" అని అడిగేవాడు. ఒకరోజు ఓపిక చచ్చి బాల్కనీలోకి వెళ్ళి, కింద టపాకాయలు విసురుతున్న పిల్లల్ని శుద్ధ తెలుగులో తిట్టాను. "ఆగండ్రా వెధవల్లారా, ఇక్కడ మనుషులుండాలా వద్దా!" వాళ్ళు చప్పట్లు కొట్టి ఇంకో రెండు పేల్చారు. పక్క బాల్కనీలో పెద్దావిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆవిడ అంతలా నవ్వడం నేను చూడడం అదే మొదలు. ఆ సాయంత్రం గుమ్మడికాయ పిండితో వేయించిన బూరెల్లాంటివి పట్టుకొచ్చి, నా వంటగదిలో కూర్చుని తన సంగతి చెప్పింది. మా వీధి బొమ్మలకు ముఖాలు చేసేది ఆవిడ భర్తేనట. బట్టలు ఈవిడ కుట్టేదట. ఆయన పోయినప్పటి నుంచి ఆ వారమంతా కిటికీ చెక్కలు బిగించుకుని లోపలే కూర్చుంటోంది. ఆ మంట చూడబుద్ధి కాలేదట.

"ఈసారి దిగాలనిపిస్తోంది" అంది. "కానీ ఒక్కదాన్నే దిగలేను. అందరూ జాలిగా చూస్తారు. పంతొమ్మిదిన నువ్వొస్తే దిగుతాను. మా వంటింట్లో కుర్చీలు రెండున్నాయి. కిందికి పట్టుకెళ్ళి వేసుకుందాం. నీకొకటి చూపించాలి కూడా."

"తప్పకుండా వస్తానండీ" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

పంతొమ్మిది మంగళవారం. వినగానే నా బుర్ర దానంతటదే ఆ పండగను శనివారానికి జరిపేసింది. నేను ఆలోచించి చేసిన పని కాదు. మంగళవారం నాడు ఎవరైనా సంబరం చేస్తారా? మంగళవారం పేరుకు పండగ, అసలు హడావుడి ఆ పై శనివారం ఉంటుంది. మా ఇంట్లో, మా అసోసియేషన్‌లో, మాకు తెలిసిన ప్రతి ఊళ్ళో అంతే మరి. ఆ మంగళవారం స్పెయిన్ ఆఫీసుకు సెలవని క్యాలెండర్లో కనబడుతూనే ఉంది. దాన్ని చూసి కూడా నాకు తట్టలేదు.

పైగా ఆ వారమే మా సాఫ్ట్‌వేర్ రిలీజ్. ఈ మోతలో పని జరగదని, వీధిలో బొమ్మలు నిలబెట్టక ముందే లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని, రైలెక్కి సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరికి వెళ్ళిపోయాను. వెళ్ళేముందు పెద్దావిడ తలుపు కొట్టి, "పండగ టైముకి వచ్చేస్తాను" అని చెప్పాను. తలుపు సందులోంచి లోపల మేజా మీద ఆకుపచ్చ గుడ్డ కనబడింది. కర్టెన్లు కుడుతోంది కాబోలు అనుకున్నాను.

శుక్రవారం రిలీజ్ అయిపోయింది. శనివారం మధ్యాహ్నం హుషారుగా దిగాను. పెద్దావిడ కోసం సముద్రపు ఊళ్ళో బాదం మిఠాయి కూడా కొన్నాను. స్టేషన్ నుంచి నడుస్తుంటే ఊరు మరీ ప్రశాంతంగా ఉందే అనిపించింది. మా వీధి మలుపు తిరిగాను. వీధి నడుమ తారు మీద పెద్ద నల్లటి మచ్చ ఉంది. అంతకు మించి ఏమీ లేదు. వీధంతా కడిగేసి ఉంది. ఎవరో కారు కూడా పార్క్ చేసుకున్నారు.

పెద్దావిడ తలుపు తీసి నన్ను చూసి మామూలుగానే లోపలికి రమ్మంది. కాఫీ పెట్టింది. కోపం ఉంటే బాగుండేది, దానికైనా జవాబు చెప్పేదాన్ని.

"నువ్వు బాగా కాలావు అమ్మాయీ" అంది కాసేపయ్యాక.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ ఏడు మా వీధి బొమ్మల్లో నేనూ ఉన్నానట. బాల్కనీలో నిలబడ్డట్టు, నోరు బార్లా తెరిచి, చెవుల్లో దూది, ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో ప్రెషర్ కుక్కర్. వీధివాళ్ళు అడిగితే బట్టలు ఈవిడే కుట్టిందట, ఆయన పోయాక మళ్ళీ మొదటిసారి. నా ఆకుపచ్చ వెంకటగిరితో, కుచ్చిళ్ళు సరిగ్గా వచ్చేదాకా విప్పి విప్పి కట్టిందట. వీధిలో ఒకరిని వెక్కిరించారంటే వాళ్ళు ఆ వీధి మనిషయ్యారని అర్థమట.

"మీరు కిందికి దిగారా?" అని అడిగాను.

"దిగాను. కుర్చీలు రెండూ వేశాను. ఖాళీ కుర్చీ ఇమ్మని చాలామంది అడిగారు. వస్తోంది, దారిలో ఉంది అని చెప్పాను."

ఏమీ తోచనప్పుడు మనవాళ్ళం అడిగే ప్రశ్న ఒకటుందిగా, అదే అడిగాను. "ఫొటో ఏమైనా ఉందా?"

"అందరూ తీసుకున్నారు" అంది. "నాకు తీరలేదు. నీ కుర్చీ ఎవరూ లాక్కుపోకుండా పట్టుకుని కూర్చున్నాను."

ఆ తరవాత ఫొటో వచ్చింది లెండి, వీధివాళ్ళెవరో పంపారు. మా ఆయనకు పంపితే, "సూపర్‌గా ఉన్నావు, డీపీగా పెట్టేయ్" అన్నాడు. ఆయన్ని ఏమనగలను? నేనే ఆయనకు సగం కథే చెప్పాను. ఆ ఫొటోలో కుచ్చిళ్ళు ఎంత పొందికగా ఉన్నాయో ఇప్పటికీ పెద్దది చేసి చూస్తుంటాను. పని పూర్తయి వేసవిలో క్యారీకి వచ్చేశాను. బయల్దేరేటప్పుడు ఆవిడ నన్ను గట్టిగా పట్టుకుని, "మళ్ళీ రా" అంది. ఈసారి మాట ఇవ్వలేదు, ఫోన్ నంబరు రాసుకున్నాను.

ఆవిడకు సెల్‌ఫోన్ లేదు, హాల్లో ల్యాండ్‌లైన్ ఉంది. నిరుడు మంట పెట్టే వేళకు, మాకప్పుడు సాయంత్రం, కార్ పక్కకు ఆపి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎత్తలేదంటే ఇంట్లో లేదు, ఇంట్లో లేదంటే కింద వీధిలో కూర్చుంది. నేను చెడగొట్టింది బాగుపడిందని, ఆవిడ మళ్ళీ తలుపులు బిగించుకోలేదని ఏడాదంతా ఆ ఎత్తని ఫోన్‌నే పట్టుకుని ఊరుకున్నాను.

ఈ ఏడు ఆ పంతొమ్మిదో తారీఖే ఉగాది. నేను ఆఫీసుకు లీవ్ పెట్టాను. "గురువారం లీవా? సాటర్‌డే ఎలాగూ ఆడిటోరియంలో పచ్చడి పెడతారుగా!" అన్నాడు మా ఆయన. ఇండియన్ స్టోర్లో తెచ్చిన ఎండు వేపపువ్వు వేయిస్తుంటే మా అమ్మాయి వచ్చి, "అమ్మా, ఉగాది టుడేనా, సాటర్‌డేనా? రెండూ ఎలా అవుతుంది?" అంది.

"ఈ రోజే" అన్నాను. అది వెంటనే స్పూన్ తెచ్చుకుంది.

సాయంత్రం ఆ వేళకు ఇంటి వెనక డెక్ మీదికి వెళ్ళి ఫోన్ చేశాను. మోగుతూ ఉంటుంది, విని పెట్టేసి లోపలికి పోదామనుకున్నాను.

రెండో రింగ్‌కే ఎత్తింది.

నా గొంతు వినగానే గుర్తుపట్టి సంతోషపడింది. వెనక టపాకాయల చప్పుడు లీలగా వినిపిస్తోంది, కిటికీలు మూసిన ఇంట్లో వినిపించినట్టు.

"కిందికి వెళ్ళలేదా?" అన్నాను.

"లేదమ్మాయీ. నిరుడు ఎలాగో దిగాను. ఈ ఏడు మోకాళ్ళు సహకరించడం లేదు. రెండు కుర్చీలు మోయలేను."

"ఒక్కటే తీసుకెళ్ళకపోయారా?"

"ఒక్కటే వేసుకుని కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు" అంది.

శనివారం తీరిగ్గా మాట్లాడుకుందాం అనే మాట నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేశాను. "బాల్కనీ తలుపు తీయండి, నేను లైన్‌లోనే ఉంటాను" అన్నాను.

ఫోన్ పక్కన పెట్టి వెళ్ళింది. చెక్క తలుపు తెరుచుకుంది, ఒక్కసారిగా వీధి మోతంతా నా చెవిలోకి వచ్చింది. ఆ మోతలోనే గచ్చు మీద కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. కాసేపాగి ఇంకో కుర్చీ ఈడ్చింది.