గంజి అంటని అతుకు

గైబీ నగర్‌లో సిద్ధిరాములు షెడ్డు నుంచి మగ్గాలు ఎత్తేసి ఆరేళ్లయింది. మగ్గాలను తుక్కుకు వేయించి, పాత రేసు కార్లకు అల్యూమినియం పెట్రోలు ట్యాంకులు చేసే పనిలో అతణ్ణి పెట్టింది భూషణ్. అంజూర్ ఫాటా కూడలిలో గ్యారేజీ ఉన్న భూషణ్ ఒకప్పుడు అదే షెడ్డులో అతనితో ఒకే డబ్బాలో తిన్నవాడు.

పావు మైలు పరుగు పందెంలో దిగే ఆ కార్ల నిబంధనలు సిద్ధిరాములుకు కంఠస్థం. ట్యాంకుకూ డ్రైవరుకూ నడుమ ఇనుప రేకు ఉండాలి. ఆవిరి గొట్టం కారు బయటికే తెరుచుకోవాలి. అతుకు చెమ్మగిల్లకూడదు. పరీక్ష మాత్రం నేతపనివాడిదే: లోపలికి గాలి ఎక్కించి అతుకుల మీద పల్చటి గంజి పూస్తాడు. బుడగ లేస్తే చిల్లి ఉన్నట్టే. ఎంత తుడిచినా ఆ గంజి అతుకు గరుకులో తెల్లని చారగా మిగిలిపోతుంది.

సోమవారం భూషణ్ ఒక ట్యాంకును వెనక్కి తెచ్చాడు.

"నీ ట్యాంకు కారిందన్నా. కారును తనిఖీలనే బయటికి తోసిన్రు. ఇగ నీ చేతి ట్యాంకు ఏ రేసుల ఒద్దన్నరు."

సిద్ధిరాములు ట్యాంకును తిప్పి చూశాడు. మూడు అతుకుల్లో తెల్లచార ఉంది. అడుగున, కొత్త గొట్టం చుట్టూ మాత్రం లోహం నున్నగా మెరుస్తోంది.

"ఇదెవని అతుకు?"

"నీదే గదనే."

"నాదైతే గంజేది?"

"రేసు కారుల గంజి దేవులాడుతున్నవా? ఇంకా ధోతులే నేస్తున్ననుకుంటున్నవా?" భూషణ్ నవ్వాడు.

సిద్ధిరాములు గాలి ఎక్కించి, కుంచె గంజిలో ముంచి నాలుగు అతుకుల మీదా పూశాడు. కొత్త గొట్టం చుట్టూ గంజి కుతకుత ఉడికినట్టు బుడగలెత్తింది. భూషణ్ నవ్వు ఆగిపోయింది.

"కారు ఓనరు రెండో గొట్టం కావాలన్నడు. నువ్వు రెండు దినాలంటవని ఫాటా కాడనే ఒకనితోని ఏపిచ్చిన."

"మరి నా పేరెందుకు చెప్పినవ్?"

"నాదని చెప్తే గ్యారేజ్ మూతపడ్తది. నీకేందన్నా, మగ్గం పని తెలుసు. ఎవని దగ్గరన్న నడుపుకుంటవు."

అబద్ధం అతణ్ణి అంతగా కోయలేదు. దాన్ని మోయవలసిన భుజాన్ని భూషణ్ ముందే ఎంచి పెట్టుకున్నాడన్నదే కోసింది.

భూషణ్ ట్యాంకు మీద చెయ్యి వేశాడు. "ఇటియ్యి, కడిగి పెడ్త."

"కడుగకు. గట్లనే పట్కపోయి తనిఖీ చేసెటోళ్లకు చూపిస్త."

"ఇరవై ఏండ్ల దోస్తానా అన్నా మనది!"

సిద్ధిరాములు ఆ చేతిని మెల్లగా తొలగించాడు. మూడు అతుకుల మీద గంజి అప్పుడే ఆరిపోతోంది. నాలుగోదాని మీద బుడగలు ఇంకా లేస్తూనే ఉన్నాయి.