మాట్లాడకూడని పది నిమిషాలు

తలలో గడ్డ తీసేశాక డాక్టరుగారు, ఇది చాలా అరుదైన రకమని, ఏమైనా మిగిలి ఉంటే పోవడానికి ఆరు వారాలు రేడియేషన్ ఇవ్వాలని చెప్పారు. ఇరవై ఏళ్ళుగా హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతున్నాను. నా గొంతు అరుదైనదని ఇంతవరకు ఒక్కరూ అనలేదు, గడ్డకు మాత్రం ఆ గౌరవం దక్కింది.

ఫిల్మ్ నగర్‌లో జబ్బు సంగతి పొక్కితే ఇక అంతే. అయ్యో అంటారు, పిలవడం మానేస్తారు. అందుకని డబ్బింగ్ పనులు చూసే ఇన్‌ఛార్జికి ఊరెళ్తున్నానని చెప్పాను. ఊరెళ్ళిన మనిషిని చూడ్డానికి ఎవరొస్తారు? శ్రీనగర్ కాలనీలో నా ఇంటి కాలింగ్ బెల్లు మోగడం మానేసింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నిజం తెలిసింది కాకినాడలో ఉన్న అక్క ఒక్కదానికే. ఆపరేషన్‌కు వచ్చి, మంచాన పడ్డ అత్తగారి కోసం వెళ్ళిపోయింది. ఆఖరి వారం మళ్ళీ వస్తానంది. నేను ఆ వారం కోసమే రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

జూబ్లీ హిల్స్‌లోని ఆసుపత్రిలో రోజూ ముఖానికి ప్లాస్టిక్ మాస్కు వేసి, తల కదలకుండా బల్లకు బిగించేవారు. తర్వాత టెక్నీషియన్ బయటికి వెళ్ళి మైకులో మాట్లాడేవాడు. మా డబ్బింగ్ గదీ అంతే, ఇంజనీరు అద్దానికి అవతల, మేం ఇవతల. మొదటి రోజు మైకులో "రెడీనా అమ్మా?" అని వినపడగానే, అలవాటుకొద్దీ గొంతు సవరించుకుని "రెడీ సర్" అన్నాను. దవడ కదిలింది. అతను పరుగెత్తుకొచ్చాడు.

"గట్ల మాట్లాడొద్దమ్మా. జర ఓపిక పట్టుండ్రి. పది నిమిషాలే."

రోజంతటిలో నా ఎదుట నిలబడి మాట్లాడే మనిషి అతనొక్కడే. అతనికి జవాబు చెప్పకూడదు.

నాలుగో వారం ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. "మీరు చెప్పాల్సిన సినిమా ఆగదు కదండీ. కొత్తమ్మాయితో చెప్పించేశాం. అచ్చం మీలాగే ఉందండీ, ఎవరూ కనిపెట్టలేరు." నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. మళ్ళీ పిలుస్తారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఐదో వారం ఆ సినిమా ట్రైలర్ వచ్చింది. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ట్రైలర్‌లో నీ గొంతు విన్నానే! ఎంత బావుందో. రేడియేషన్‌కు వెళ్తూనే పనిలో పడ్డావన్నమాట. నాతో చెప్పలేదేం?"

అది నాది కాదని చెప్పబోయాను. చాలా రోజులకు అక్క నవ్వుతోంది.

"చెబుదామనే అనుకున్నానక్కా."

"అమ్మయ్య. అయితే వచ్చే వారం నేను రానక్కర్లేదుగా? అత్తయ్యని వదిలి కదల్లేకపోతున్నానే."

రావే అక్కా, అని ఏడవాలనిపించింది.

"అక్కర్లేదక్కా" అన్నాను. గొంతు ఎక్కడా వణకలేదు.