పేర్ల మధ్య బస్సు

వేదిక ఎక్కినవాడు ఏదో ఒక ముచ్చట చెప్పడానికే ఎక్కుతాడని నేను చాలాకాలం నమ్మాను. నా అంత అమాయకుడు జనగామలో ఇంకొకడు ఉండడు. ఉంటే వాడు కూడా నాలాగా తెలుగు లెక్చరరే అయివుంటాడు. ప్రసంగమంటే ముందు విషయమేందో చెప్పాలి, తర్వాత అది ఎందుకు ముఖ్యమో చూపాలి, చివరికి కావలసింది అడగాలి అని బోర్డు మీద రాసి, కింద గీతలు కొట్టి మరీ చెప్పేవాణ్ణి. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు. పాపం, వాళ్లకూ మార్కులు పడేవి.

ఆ బోర్డు చదువును పట్టుకుని మా ఊరి నాయకుడికి ప్రసంగాలు రాసిపెట్టడానికి ఒప్పుకోవడం నా రెండో తెలివితక్కువతనం. మాది తరిగొప్పుల అవతల ఊరు. ఆయనకు రైస్‌మిల్లు ఉంది, తెల్లచొక్కాలు ఉన్నాయి, మైకు అక్కరలేని గొంతు ఉంది. మాట ఒక్కటే లేదు. దాన్ని నేను అందించేవాణ్ణి. మిల్లులో వడ్లు పోసినట్టు పోసేవాణ్ణి, ఆయన నోట్లోంచి ఊక వచ్చేది.

నేను ఆయనకు పేర్లు పెడుతున్నానని అనుకోకండి. పేర్లు పెట్టేది ఆయనే. "వేదికను అలంకరించిన" అని మొదలుపెట్టాడంటే పదవిలో ఉన్నవాళ్లు, దిగిపోయినవాళ్లు, రేపు ఎక్కబోయేవాళ్లు, వాళ్ల బావమరుదులు, ఒక్కొక్కరే రావాలి. వేదిక పొగడ్త పూర్తయ్యేసరికి కింద కూర్చున్నవాళ్లకు వేదన మిగిలేది. నడుమ చిట్టీలు వచ్చేవి, పేరు మరిచాడని అలిగినవాళ్లు పంపేవి. అలిగినవాణ్ణి చివర్లో చేరిస్తే అది ఇంకో అలక. కాబట్టి ఆయన మళ్లీ మొదటికి పోయి, వాణ్ణి హోదాకు తగ్గ చోట ఇరికించి, అందరినీ కొత్తగా పిలిచేవాడు. తలా తోకా లేని ప్రసంగం అంటుంటారు కదా, మా నాయకుడిది మొత్తం తలే. ఆయన వెంట మహబూబాబాద్ పోయాను, భూపాలపల్లి పోయాను. అక్కడి వేదికల మీదా అందరివీ అవే తలలు. జిల్లాలను విడగొట్టారు గానీ ఈ రోగాన్ని ఎవరూ విడగొట్టలేదు.

ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది, మా ఊరి సాయంత్రం బస్సు బంద్ అయ్యేదాకా. మా అన్న బిడ్డ జనగామలో ఇంటర్ చదువుతోంది. కాలేజీ వదిలితే ఆ బస్సే దిక్కు. అది పోయాక ఆటో నిండేదాకా రోడ్డు మీద నిలబడి, పొద్దుగూకినంక ఇల్లు చేరేది. ఒకరోజు మా అన్న తేల్చేశాడు.

"బస్సు వస్తే చదువుతది, రాకుంటే ఇంట్ల ఉంటది. చీకట్ల ఆటో చప్పుడు కోసం చెవులు పెట్టుకొని కూసునుడు నాతోని కాదు తమ్మీ."

సరిగ్గా అప్పుడే తరిగొప్పులలో మార్కెట్ షెడ్డు ప్రారంభం వచ్చింది. వేదిక మీదికి బస్సు డిపో మేనేజర్‌ను కూడా పిలిచారు. నాకు పానం లేచి వచ్చింది. పద్ధతి ప్రకారం రాశాను. అమ్మాయిల కష్టం చెప్పి, బస్సును ఆఖరి వాక్యంలో, గుండెకు తగిలేటట్టు పెట్టాను.

నాయకుడు పేర్లు మొదలుపెట్టాడు. చిట్టీలు వచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాడు. ఎండకు చెమటలు కారుతున్నవాళ్ల మీద శాలువాలు కప్పారు. అంతలో షెడ్డు వెనక బగారన్నం మూత తీశారు. కుర్చీలు కదిలాయి. ఆయన ముక్కు కూడా అటే తిరిగింది. "సమయం లేదు కాబట్టి ఇంతటితో ముగిస్తున్న" అన్నాడు. ఉపన్యాసం మొదలు కాకముందే జనం ఉపవాసం ముగిసింది. డిపో మేనేజర్ కడుపునిండా తిని, శాలువా మడిచి చంకలో పెట్టుకుని జీపెక్కాడు.

చేయి కడుక్కుంటున్న నాయకుడి దగ్గరికి పోయాను.

"అన్నా, బస్సు ముచ్చట?"

"గదా? ఆఖరికి పెడితివి. ఆఖరికి ఎవడుంటడయ్యా పంతులూ, బువ్వ కాడికి ఉరకడా?"

"మరి ముందు పెడుదునా?"

"ముందు పెడితే పేర్లు యాడ పెడ్తవు? పేరు మరిస్తే మనిషి దూరమైతడు. బస్సుకు ఓటుందా?"

ప్రసంగ నిర్మాణం మీద ఇంత సూటి పాఠం నాకు ఏ గురువూ చెప్పలేదు. ఒక్క నిమిషం ఆయన మీద గౌరవం కలిగింది. తువ్వాల లేక నా కండువాకు చేయి తుడుచుకున్నాడు, ఆ గౌరవమూ పోయింది.

ఇంటికి పోతే మా అన్న బిడ్డ గుమ్మంలోనే పట్టుకుంది. "చిన్నాయినా, నువ్వు రాసిన స్పీచ్‌ల మా బస్సు ఏ స్టాపుల ఉండె?"

"ఆఖరి స్టాపు బిడ్డా."

"గందుకే రాలే. నడుమనే మలుపుకపోయిండు."

ఆ రాత్రి కోపంతో అన్నం సరిగ్గా తినలేదు గానీ, ఒక సంగతి మాత్రం అరిగింది. ఆ మనిషి ఏ వాక్యమైనా మింగేస్తాడు, పేరును మాత్రం మింగడు. పైగా నా కాగితాన్ని ముందుగా ఎన్నడూ చదవడు. మైకు ముందే మొదటిసారి విప్పి, అక్షరాల కింద వేలు జరుపుతూ పోతాడు.

తర్వాతి సభ జనగామలో, ఫంక్షన్ హాల్లో, కాలేజీ పిల్లలకు బహుమతులు ఇవ్వడానికి. ముందు వరసల నిండా అమ్మాయిలు. వేదిక మీద అదే డిపో మేనేజర్. ఈసారి నేను ప్రసంగమే రాయలేదు, ఒట్టి పేర్లు రాశాను. నాయకుడు కాగితం విప్పి వేలు పెట్టాడు.

"...గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, మన బిడ్డలు చీకటి పడకముందే ఇల్లు చేరాలని తరిగొప్పుల మీదుగా పోయే సాయంత్రం బస్సును సోమవారం నుంచి మళ్లీ నడపబోతున్న డిపో మేనేజర్ గారికి..."

హాలు చప్పట్లతో అదిరింది. డిపో మేనేజర్‌కు ఏం జరిగిందో అర్థమయ్యేలోపే కాళ్లు లేచి నిలబడ్డాయి, చేతులు దండం పెట్టాయి. చప్పట్లు తనకే అనుకుని నాయకుడు ఇంకా గొంతు పెంచాడు.

"...ఆ బస్సులో మొదటి రోజు బిడ్డలతోపాటు నిలబడి ప్రయాణం చేయబోతున్న మీ సేవకుడినైన నేను..."

వేలు అక్కడ ఆగింది. నా వైపు చూశాడు. నేను కూడా చప్పట్లు కొడుతున్నాను.

కిందికి దిగాక రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. "నేను బస్సెక్కుత అని ఎన్నడన్న అన్ననా?"

"ఇప్పుడే అంటివి గదన్నా, మైకుల."

"పేర్ల నడుమ గది ఎందుకు పెట్టినవ్?"

"ముందట జాగ లేదంటివి, ఆఖరికి ఎవ్వరుండరంటివి."

హాలంతా విన్న మాటను డిపో మేనేజర్ వెనక్కి తీసుకోలేకపోయాడు. సోమవారం సాయంత్రం బస్సు వచ్చింది. మా అన్న జనగామ బస్టాండు దాకా వచ్చి, దాని చుట్టూ తిరిగి చూసి, బిడ్డ పుస్తకాల బ్యాగు ఆమె చేతికిచ్చాడు. నాయకుడు ఇస్త్రీ చొక్కాతో ఎక్కి పైనున్న కడ్డీ పట్టుకున్నాడు. ఆయన కారు ఖాళీగా వెనక వస్తోంది. పాలకుర్తి రోడ్డు కన్నా మా రోడ్డుకు గుంతలు ఎక్కువ. ప్రతి గుంతకూ ఆయన ఒకసారి ఊగాడు, ప్రతి ఊగుకూ అమ్మాయిలు కిసకిస నవ్వారు.

నేనూ అదే బస్సులో కూర్చున్నాను, నా పక్క సీటు ఖాళీగా ఉంది. ఆయన దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ఒళ్లో ఉన్న కూరగాయల సంచిని తీసి, సొరకాయ దొర్లిపోకుండా, ఆ సీట్లో జాగ్రత్తగా కూర్చోబెట్టాను.