గాలి లేని హార్మోనియం

నౌపడ స్టేషనులో రైలు కాస్త ఎక్కువసేపు ఆగిందంటే చాలు, ప్రయాణికులు కిటికీలకు చెవులు ఆనించేవారు. ఇదేమిటి, పనిరోజు పొద్దున్నే చర్చిలో కీర్తనలా అని ఆశ్చర్యపోయేవారు. కీర్తనా లేదు, పాడూ లేదు! రాగం కీర్తనదే, మాటలు మాత్రం పదమూడో ఎక్కానివి. మిషను బడిలో జ్ఞానసుందరి టీచరు లెక్కలు చెబుతోందన్నమాట.

ఆవిడ పద్ధతే అంత. వాళ్ళ నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఆ పెట్టె పక్కన కూర్చుని పెరిగిన మనిషికి పాట లేకుండా ఏదీ బుర్రకెక్కేది కాదు, మరి పిల్లలకు ఇంకో దారిలో ఎలా చెబుతుంది? ఎక్కాలకో రాగం, ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్‌కో రాగం, వృత్త వైశాల్యానికైతే ఏకంగా క్రిస్మస్ రాగం. చర్చికి వచ్చే ఇళ్ళ పిల్లలు, రాని ఇళ్ళ పిల్లలు, అందరూ కలిసి పెంకులు ఎగిరేలా పాడేవారు. బజారులో కొట్టాయన పొట్లాలు కడుతూ అదే రాగం తీసేవాడంటే చూసుకోండి. ఆ రోజులే వేరు. ఇప్పుడు ఆ దారిన పోతే ఉప్పుగాలి చప్పుడు తప్ప ఏముంది?

2012లో పదో తరగతి రాయాల్సినవాళ్ళలో పద్మకుమారి ఒకతి. తల్లి చిన్నతల్లి ఉప్పు మళ్ళలో కూలి. పిల్లకు లెక్కలంటే వణుకు, పాటంటే ప్రాణం. సుందరి టీచరు దొరికాక ఆ రెండూ కలిసిపోయి, పాడుతూ పాడుతూ ఎంత పెద్ద లెక్కయినా చేసేసేది. టీచరు మురిసి ముక్కలయ్యేది.

ప్రీఫైనల్ పరీక్ష రోజున తెలిసింది అసలు సంగతి. హాలంతా నిశ్శబ్దంగా ఉంటే వెనక బల్ల నుంచి సన్నగా కూనిరాగం లేచింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. పద్మకుమారి తలెత్తి, అందరూ ఎందుకు నవ్వుతున్నారా అని తనూ చుట్టూ చూసింది. పాడుతున్నట్టు దానికే తెలియదు మరి!

హెడ్మాస్టరు విక్టర్ గారు సుందరి టీచరును గదిలోకి పిలిచారు.

"మన బడి కాబట్టి సరిపోయింది సుందరమ్మా. పబ్లిక్ పరీక్షకి సెంటరు టెక్కలిలో పడ్డాది. అక్కడ ఇలాగ పాడితే లేపి బయటకి పంపిస్తారు. నీ పాటలే ఈ పిల్ల కొంప ముంచుతాయి, సూడు."

ఆ సాయంత్రమే చిన్నతల్లి కూడా వచ్చింది. "టీసరమ్మగోరూ, ఈ పాలి తప్పిందంటే మరి సదువు ఊసెత్తకండి. నాతోపాటు మళ్ళలోకి దించేస్తాను. ఏటి సేస్తాం?" అని గడప మీద కూర్చుంది. ఉప్పునీళ్ళకు పగుళ్ళు తేలిన ఆమె పాదాలు చూశాక టీచరుకు అన్నం సహించలేదు. పాట నేర్పి తనే పిల్లను ముంచిందా? అంతకంటే పాపం ఉందా?

నోరు మూసుకుని చెయ్యమంటే పద్మకుమారి ముక్కుతో పాడేది. పెదాలు బిగించమంటే బిగించేది, లెక్కా బిగుసుకుపోయేది. "పాట ఆపితే అంకెలు పారిపోతన్నాయండీ" అని ఏడ్చేది.

దారి దొరికింది ఆదివారం నాడు. ఆరాధన ముగిశాక టీచరు వచ్చేవారం పాట సాధన చేద్దామని హార్మోనియం ముందు కూర్చుంది. పక్క బెంచీ మీద ఎవరి పసిబిడ్డో నిద్రపోతోంది. లేస్తుందేమోనని తిత్తి ఊదకుండా, ఊరికే మెట్ల మీద వేళ్ళు నడిపింది. గాలి లేదు, చప్పుడు లేదు. అయినా చరణాలతో సహా పాటంతా ఆవిడకు వినిపించింది. "ఓసి నా బుద్ధి మండా!" అని పైకే అనేసింది. బిడ్డ లేవనే లేచింది, అది వేరే సంగతి.

మర్నాడు పద్మకుమారిని పెట్టె ఎదురుగా కూర్చోబెట్టింది.

"నానేటి వాయిస్తన్నానో సెప్పు."

"ఏటీ వినబళ్ళేదండి."

"సెవులు కాదే, కళ్ళు పెట్టు."

పిల్ల చాలాసేపు ఆ వేళ్ళకేసే చూసింది. ఉన్నట్టుండి మొహం విప్పారింది. "పదమూడో ఎక్కమండీ! పదమూడు ఆర్ల డెబ్భై ఎనిమిది కాడున్నారండీ!"

ఆ రోజు నుంచి పరీక్షల దాకా అదే పని. పిల్ల బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ లెక్క చేసేది. గొంతు కాస్త లేచిందో, "తిత్తి వదిలెయ్యవే" అని టీచరు కసిరేది.

లెక్కల పరీక్ష రోజున టెక్కలిలో సెంటరు గేటు ఎదురుగా, కొబ్బరిబొండాల బండి నీడన ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. "మా యమ్మోరికి మొక్కీసినానండి, మీ పెబువుకీ మొక్కీసినాను. ఎవులిన్నా పరవానేదు" అంది చిన్నతల్లి. టీచరు నవ్వుదామనుకుంది, నవ్వు రాలేదు. గేటు లోపల ఏ అలికిడి అయినా, పద్మను బయటికి పంపేస్తున్నారేమోనని మునివేళ్ళ మీద లేచి చూసేది.

గంట కొట్టాక అందరితోపాటే వచ్చింది పద్మకుమారి. "సారు నా సెయ్యి పట్టుకు సూసారండి, కాపీ రాసి తెచ్చానేమోనని. ఏటీ నేదు కదా! 'పాపం, పిల్లకి వొణుకు జబ్బులాగుంది' అని ఎలిపోనారండి!" టీచరు అక్కడే, నడిరోడ్డు మీద, పిల్లను వాటేసుకుని ఏడ్చేసింది.

పిల్ల పాసైంది. లెక్కల్లో బడికంతటికీ మంచి గ్రేడు తనదే. విక్టర్ మాస్టారు తన మాట వెనక్కి తీసుకున్నారు. తీసుకోవడమే కాదు, ఆ తరవాత ప్రతి ఏడూ పదో తరగతి గదికి హార్మోనియం తనే మోయించుకొచ్చారు.

2018 వేసవిలో సుందరి టీచరు రిటైరయింది. పాత పిల్లలు బడి వరండాలో పట్టక, సభ చర్చిలో పెట్టారు. రాజాంలో ఓ ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరిన పద్మకుమారి హార్మోనియం ముందు కూర్చుంది. "ముందుగా ఒక కీర్తన పాడుకుందాం" అన్నారు విక్టర్ మాస్టారు. రాగం మొదలైందో లేదో చర్చంతా అందుకుంది, "పదమూడొకట్ల పదమూడు!" అని.

"ఒరే, కీర్తనరా! కీర్తన!" అని మాస్టారు అరిచారు. ఎవడు వింటాడు? ఆ రాగానికి వాళ్ళకు తెలిసిన మాటలు అవే.

టీచరు కూడా పాడబోయింది. పాట బయటికి రాలేదు. ఒడిలో చీర మీద వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. పద్మకుమారి అటు చూసి, తిత్తి వదిలేసింది. హార్మోనియం మూగబోయింది. ఒక్కొక్క గొంతూ ఆగింది. మెట్ల మీద ఆ పిల్ల వేళ్ళు నడుస్తుంటే, బెంచీల మీదా మోకాళ్ళ మీదా అందరి వేళ్ళూ నడిచాయి. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎక్కం చివరి మెట్టు దగ్గర, ఎవరూ చెయ్యి ఊపకుండానే, ఒక్కసారిగా చర్చి దద్దరిల్లింది.

"పదమూడు పదుల నూటముప్పై!"

సుందరి టీచరు వేళ్ళు కూడా సరిగ్గా అక్కడే ఆగాయి.