ఎండ పక్క సీటు

పరకాల బస్సులో నీడ వైపు సీటు ఖాళీగా ఉన్నా, నా పక్కనున్న పెద్దామె ఎండ పడే కిటికీని వదల్లేదు. ఆమె ఒడిలో ఫ్రేము కట్టించిన ఎర్రటి చీరకొంగు ఉంది. నీడలో కూర్చున్న ఆమె భర్త మాటిమాటికీ ఇటు తిరుగుతున్నాడు.

"ఎండల పెట్టకే, రంగు పోతది."

ఆమె నవ్వుతూ నాకు చెప్పింది. "మా పెండ్లికి ఈ చీర ఆయనే నేసిండు బిడ్డా. రంగేసిన నూలు నీడకే ఆరేసే మనిషి. చీర గూడ గట్లనే పెట్టెల దాచిండు, నన్ను సుత కట్టనియ్యలే. ఇప్పుడు ఈ ఫ్రేముకు పెట్టింది అద్దం కాదు, యాక్రిలిక్ అట. రంగును తినే ఎండను ఆపుతదట. ఇగ ఫికర్ లేదు."

"ఎంత ఆపినా జర జర పోతనే ఉంటది," అన్నాడాయన.

"పోతె పోనీ. పెట్టెల ఉంటె ఎవలు చూసిండ్రు? మనం ఉన్నన్ని రోజులు చూస్తం."

నేను లేచి నా సీటు ఇచ్చాను. ఆయన ఎండలోకి వచ్చి కూర్చుని, తాను నేసిన పోగుల్ని కొత్తగా చూసినట్టు చూశాడు. ఫ్రేముకు ఒక చివర తానూ పట్టుకున్నాడు.

ఆ ఆదివారం బీరువాలోంచి అమ్మ పెళ్లిచీర తీసి కట్టుకుని, మిట్టమధ్యాహ్నం కూరగాయలకు వెళ్లాను.